పగులును కప్పవచ్చునా?



సంతలో కుండ కొనుచున్న స్త్రీని మీరెప్పుడైనను గమనించితిరా? ఆమె మొదట కుండ రంగును చూడదు. ఎడమచేతితో దానిని పైకెత్తి, కుడిచేతి వేలి కణుపుతో రెండుసారులు తట్టి, చెవి యొగ్గి వినును. కుండ ఖంగుమని పలికినయెడల బేరము మొదలుపెట్టును. చప్పని శబ్దము వచ్చినయెడల ఏమియు మాటాడక క్రింద పెట్టి ప్రక్క కుండను అందుకొనును. కంటికి కనబడని పగులు చెవికి దొరకునని ఆమెకు తల్లి నేర్పినది. ఆ తల్లికి ఆమె తల్లి నేర్పినది.

ఈ నెల మీ యెదుట పెట్టదలచిన ప్రశ్న ఆ కుండలోనిదే. పగులును కప్పవచ్చునా? "కప్పరాదు, అది మోసము" అని మనము వెంటనే చెప్పుదుము. కాని మరియొక ప్రక్క చూడుడి. పొరుగువాని తప్పును వీధిలో చాటక కప్పియుంచుట ప్రేమయని పెద్దలు మనకు నేర్పిరి. ఒకరి లోపమును పదిమందిలో విప్పువానిని మనము మెచ్చుకొనము. అట్లయినచో కప్పుట ఒకచోట ప్రేమయు, మరియొకచోట మోసమును ఎట్లగుచున్నది? ఈ రెంటికి నడుమ గీత యెక్కడ నున్నది? దీనిని నేను నా చేతులతో చేసిన యొక మట్టి కోడిపెట్ట యొద్ద నేర్చుకొంటిని. ఆ సంగతి చెప్పెదను.

నేను ముప్పది యేండ్లకు పైగా బడిలో లెక్కలు చెప్పి ఉద్యోగము విరమించితిని. తరువాత పట్టణములో మట్టిపని నేర్పు ఒక చోటికి వారమునకు రెండు దినములు పోవుచుంటిని. చిన్ననాడు నాకు అక్షరములు దిద్దించిన పంతులమ్మగారు మా ఊరిలోనే యున్నారు. ఆమెకు ఎనుబది దాటినవి. ఒంటరిగా నుందురు. వాకిట నాలుగు కోళ్లు, సాయంకాలము వేడి తేనీరు, ఈ రెండే ఆమెకు మిగిలిన ముచ్చటలు. ఆమె చేతులు ఇప్పుడు వణకును. పొయ్యిమీది గిన్నెను గుడ్డతో పట్టుకొని గ్లాసులోనికి వంచునప్పుడు సగము నేలపాలగును. నిండైన పిడియు, పొందికైన కొమ్మును గల కూజా యున్నచో ఆమెకు సులువగునని నాకు తోచెను. కోళ్లనిన ఆమెకు ప్రాణము గనుక ఆ కూజాను కోడిపెట్ట రూపమున చేసి, క్రిస్మసు పండుగకు ఇయ్యవలెనని నిశ్చయించుకొంటిని.

తేనీటి కూజా మన యిండ్లలో వాడుక తక్కువ. గిన్నెలో కాచి, వడగట్టి, గ్లాసులలో పోసికొనుట మన అలవాటు. గనుక దానిని గూర్చి కొంత వివరింపవలసియున్నది. దానికి నాలుగు అంగములు గలవు. పొట్ట, కొమ్ము, పిడి, మూత. కొమ్ముచెంబు ఎరిగినవారికి కొమ్ము సంగతి చెప్పనక్కరలేదు. కూజాను జంతువు రూపమున చేయునప్పుడు ఈ నాలుగును ఆ జీవి శరీరములోనే దొరకవలెను. నేను కాగితము మీద బొమ్మ గీసితిని. కోడి పొట్టయే కూజా పొట్ట. దాని ముక్కు కొమ్ము. తోక వంగి మెడను అందుకొని పిడి యగును. వీపు మీద మూత. మూతను పట్టుకొని ఎత్తుటకు తల్లి వీపునెక్కిన కోడిపిల్ల.

బొమ్మ అందముగానే వచ్చెను. అయితే పని నేర్పు యువకుడు దానిని చూచి ఒక ప్రశ్న వేసెను. "మాస్టారూ, మీ కోడి తల వంచి గింజలు ఏరుకుంటోంది. మరి నీళ్లు ఎంతవరకు పోస్తారు?" నాకు సిగ్గు వేసెను. నీరు తన మట్టమును తాను వెదకుకొనునని ఎందరో పిల్లలకు చెప్పినవాడను గదా! కొమ్ము కొన కూజా నోటికన్న క్రిందుగా నున్నచో కూజా నిండకమునుపే నీరు కొమ్మునుండి కారిపోవును. గనుక కోడి తల ఎత్తవలసివచ్చెను.

తక్కిన సంగతులును ఇట్టివే. కొమ్ము మొదట లోపల సన్నని రంధ్రములు ఉండవలెను, లేనిచో ఆకు వచ్చి అడ్డుపడును. మూతకు చిన్న బెజ్జము ఉండవలెను, గాలి లోనికి పోనిదే నీరు సాఫీగా వెలికి రాదు. మూత అంచు లోనికి దిగియుండవలెను, లేనిచో కూజాను వంచగానే జారిపడును. ముక్కు కొన పదునుగా నుండవలెను, గుండ్రముగా నున్నచో చివరి బొట్టు గొంతు వెంబడి కారి బల్లను తడుపును. వీటిలో ఒక్కటియు కోడి అందమునకు సంబంధించినది కాదు. ప్రతిదియు త్రాగు మనిషికి సంబంధించినది.

మొదట కోడి శరీరమును గట్టి ముద్దగా మలచి, కొంచెము ఆరిన తరువాత సన్నని తీగతో రెండు చెక్కలుగా కోసి, లోపల తొలిచితిని. మందమైన మట్టిని ఆవములో పెట్టరాదు. లోపల మిగిలిన తడి వేడికి ఆవిరియై, వెలికి త్రోవ దొరకక వస్తువును పగులగొట్టును. గనుక గోడ అంతటను ఒక్కటే మందముండునట్లు లోపల గీకవలెను. చూచువారికి కనబడు ఈకలను చెక్కుటకు రెండు దినములు పట్టినది. ఎవరికిని కనబడని లోపలిభాగమును సరిచేయుటకు మూడు దినములు పట్టినది. తరువాత రెండు చెక్కల అంచులమీద గీతలు గీసి, అదే మట్టిని నీటితో కలిపిన చిక్కని జావ పూసి అతికించితిని. మూతను కూడ అదే మట్టితో, అదే సమయమున చేసితిని. ఏలయనగా మట్టి ఆరునప్పుడును కాలునప్పుడును కలిపి ఇంచుమించు పదింట ఒక వంతు కుంచించుకొనును. మూతయు శరీరమును కలిసి కుంచించినగాని ఒకదానికొకటి సరిపడవు.

రెక్కల యొద్ద నేను తొందరపడితిని. పండుగ దగ్గరపడుచుండెను. శరీరము చేసిన నాలుగు దినములకు గాని రెక్కలు చేయలేకపోతిని. అప్పటికి శరీరము గట్టిపడెను. రెక్కలు పచ్చివి. పచ్చిమట్టి ఆరుచు ఎక్కువగా కుంచించును, గట్టిపడిన మట్టి తక్కువగా కుంచించును. ఒకదానితోనొకటి అతికిన రెండు మట్టులు చెరియొక తీరున లాగుకొన్నయెడల ఏమగునో నాకు నేర్పియేయుండిరి. తెలిసియు, "ఏమీ కాదులే" అనుకొంటిని.

కుమ్మరి యింటి సంగతి మన సంఘములలో మనము అనేక పర్యాయములు వినియున్నాము. చేతిలో చెడిన పచ్చిమట్టిని కుమ్మరి మరల ముద్దచేసి క్రొత్తగా మలచగలడు. ఆ దినమున నేనును అట్లు చేయగలిగియుంటిని. రెక్కను ఊడదీసి, శరీరమును తడిగుడ్డతో మెత్తబరచి, ఒక వారము ఆలస్యముగా మరల పెట్టినచో సరిపోవును. పచ్చిగా నున్నప్పుడు దిద్దుకొనని తప్పు నిప్పులో పడిన తరువాత మనకు లొంగదు. మొదటి కాల్పు కాగానే కుడిరెక్క క్రింద వెండ్రుకంత గీత కనబడెను.

అప్పుడును నేను మేలుకొనలేదు. పైన గాజుపూత పూసి, రెండవసారి 1200 డిగ్రీలకు పైగా కాల్చునప్పుడు ఆ పూత కరిగి గీతను మూయునని ఆశపడితిని. పూత పగులును మాన్పదు. కోడి ఆవములోనుండి ముదురు గోధుమరంగున నిగనిగలాడుచు వచ్చెను. గీత రెక్కనీడలో దాగెను. చూచినవారందరు మెచ్చుకొనిరి. నేను దానిని ఇంటికి తెచ్చి, నిండ నీరు పోసి, పాత వార్తాపత్రిక మీద పెట్టి పండుకొంటిని. తెల్లవారి చూడగా కాగితము మీద రూపాయి బిళ్లంత తడిమచ్చ యుండెను. నీరు పారబోసి వేలితో తట్టితిని. కోడి పలుకలేదు.

ఆ దినమంతయు నాలో జరిగిన వాదమును దాచక చెప్పెదను. లోపల జిగురు పట్టించి, పైన కొంచెము రంగు అద్దినచో ఎవరికిని తెలియదు. పంతులమ్మగారి చూపు మందగించినది. ఇట్టి కానుక ఆమెకు ఇంతవరకు ఎవరును ఇచ్చియుండరు. నెలన్నర కష్టము. ఒక వెండ్రుకంత గీత కొరకు ఆమె సంతోషమును చెరుపుట ఎందుకు? "నేను నా తప్పును కప్పుకొనుటలేదు, ఆమె సంతోషమును కాపాడుచున్నాను" అని నా మనస్సు నాకు చెప్పెను. చూచితిరా! నా గర్వము ప్రేమ వేషము వేసికొని నా యెదుట నిలిచెను. దానిని నేను చాలసేపు గుర్తుపట్టలేదు.

అయితే మరియొక సంగతియు నాకు తెలియును. జిగురు మరుగు నీటికి మెత్తబడును. పగులుగల పాత్రలో ఒక్కసారిగా వేడినీరు పోసినచో పగులు సాగి పాత్ర విడిపోవచ్చును. అది ఆమె ఒడిలో విడిపోయినయెడల? వణకు చేతులు, ఎనుబది యేండ్లు దాటిన చర్మము, పొగలు కక్కు తేనీరు, కేకవేసినను పలుకుటకు ఇంట మరియొకరు లేరు.

నాకన్న ఎన్నో రెట్లు నేర్పరులు ఇట్టి పగుళ్లను ఏమి చేసిరో ఆ దినములలోనే చదివితిని. అది జర్మనీ దేశపు సంగతి. నా ప్రశ్నకు అది వెలుగు చూపెను గనుక మీకును చెప్పెదను.

సాక్సనీ అను ప్రాంతములో ఎల్బే నది యొడ్డున మైసెన్ అను పట్టణమున్నది. 1710లో అక్కడి కోటలో ఐరోపా ఖండములోనే మొదటిదైన గట్టి పింగాణి కార్ఖానా ఏర్పడెను. అంతకుముందు అట్టి పింగాణి చీనా, జపాను దేశములనుండి ఓడలలో రావలసియుండెను. ఆ ప్రాంతపు ప్రభువైన అగస్టసు రాజు పింగాణియనిన ఒడలు మరచువాడు. డ్రెస్డెన్ నగరమందలి తన సౌధమును నింపుటకు సింహములను, ఖడ్గమృగములను, మేకలను, గ్రద్దలను పింగాణితో, వీలైనంత నిలువెత్తున చేయుడని ఆజ్ఞాపించెను. 1731లో కెండ్లర్ అను ఇరువది యైదేండ్ల శిల్పి ఆ పనిలో చేరెను. అతడు సజీవ జంతువులను శ్రద్ధగా పరిశీలించి, వాటి కండను, చూపును మట్టిలో పట్టుకొనెను.

కాని అంత పెద్ద ఆకారములు పింగాణికి తలకు మించిన భారము. కొన్ని ఆరునప్పుడే చీలెను, మరికొన్ని ఆవములో చీలెను. రంగులు వేసి మరల కాల్చుటకు సాహసింపలేక, పగుళ్లను పూడ్చి, కాల్చనక్కరలేని రంగులను అనేక జంతువులకు పైపైన పూసిరి. 1733లో రాజు మరణించెను. ఆయన సంకల్పము పూర్తి కాలేదు. పైపూత రంగులు కాలక్రమమున చాలవరకు పోయినవి. నేడు డ్రెస్డెన్‌లోని పింగాణి ప్రదర్శనశాలలో ఆ తెల్లని జంతువులు తమ పగుళ్లతోనే నిలిచియున్నవి. జనులు వాటిని చూచి మెచ్చుకొనుచున్నారు.

అదే కెండ్లరు 1730ల కాలములోనే చిన్న చిన్న తేనీటి కూజాలను కూడ మలచెను. పుంజు రూపమున ఒకటి, పిల్లలతో కూడిన పెట్ట రూపమున ఒకటి, తల్లికోతి రూపమున ఒకటి. అదే చేయి, అదే కార్ఖానా. అయినను సింహమునకు చేసిన వైద్యము కోడిపెట్టకు పనికిరాదు. ఏల? సింహమును జనులు దూరమునుండి చూచెదరు. కోడిపెట్టలో మరుగు నీరు పోసి చేతితో ఎత్తెదరు. ఇంటికి వచ్చిన అతిథి దానిని నమ్మి, తన గిన్నెను దాని ముక్కు క్రింద పెట్టును.

గీత నాకు ఇక్కడ కనబడెను. పగులును కప్పుట తప్పా ఒప్పా అని అడుగుటకు ముందు, "ఈ వస్తువును నమ్మి ఎవరు చేయి చాచెదరు?" అని అడుగవలెను. ఎవరును చేయి చాపని చోట కప్పినను హాని లేదు, అది మర్యాదయే కావచ్చును. చేయి చాచువాడు ఉన్నచోట, ఆ చేతికి తెలియకుండ కప్పినది ప్రేమ కానేరదు.

దీనిని మన పల్లె బ్రదుకులో పెట్టి చూడుడి. పొరుగింటి కుర్రవాడు చిన్నతనములో ఒకసారి దొంగిలించి, పట్టుబడి, ఏడ్చి, మారి, ఇప్పుడు కూలి చేసికొని గౌరవముగా బ్రదుకుచున్నాడు. ఆ పాత సంగతిని కప్పుడి. అది మానిన గాయము. దానిని విప్పుటవలన ఎవరికిని మేలు లేదు. కాని పిల్లలను బడికి తీసికొనిపోవు ఆటో నడుపువాడు ఉదయముననే త్రాగుచున్నాడని మీకు తెలిసినయెడల, "పాపము, సంసారి, వాని కూడు ఎందుకు చెడగొట్టవలెను" అని కప్పరాదు. ఆ బండిలో పిల్లలున్నారు.

అమ్ముచున్న గేదె తన్నునని ఎరిగియు చెప్పక, చీకటిపడిన తరువాత బేరము ముగించువాడు ఎవని తప్పును కప్పుచున్నాడు? గేదె తప్పునా? కాదు, తన జేబును కాపాడుకొనుచున్నాడు. పెండ్లి సంబంధము కుదుర్చునప్పుడు పిల్లవాని జబ్బును దాచు తలిదండ్రులు "మా బిడ్డ పరువు" అందురు. వారి దుఃఖము నిజమే, నేను దానిని తేలికగా మాటాడను. కాని రేపు ఆ యింట అడుగుపెట్టు పడుచు మరియొకరి బిడ్డ. ఆమె తన బ్రదుకంతయు ఆ కూజా క్రింద పట్టుచున్నది. సంఘపు డబ్బు లెక్కలో తేడా వచ్చినప్పుడు "మన పరువు పోవును" అని పుస్తకము మూసివేయుటయు ఇట్టిదే. తన కూలిలోనుండి పది రూపాయలు తీసి ఇచ్చిన విధవరాలు ఆ పుస్తకమును నమ్మియున్నది.

అయితే చెప్పుటకును ఒక హద్దు గలదు. కుండకు పగులున్నదని సంతంతటికి కేకవేయనక్కరలేదు. ఆ కుండను ఎత్తబోవు చేతికి చెప్పిన చాలును. జబ్బు సంగతి పెండ్లికూతురికిని ఆమె వారికిని తెలియవలెను, వీధి అరుగులమీద కూర్చున్నవారికి తెలియనక్కరలేదు. పెద్దలు నేర్పిన ప్రేమయు, మనము కోరు సత్యమును ఇక్కడ కలిసికొనుచున్నవని నా కనిపించుచున్నది. వీధికి కప్పుము, చేతికి చెప్పుము. మనమో, అనేకసారులు దీనిని తలక్రిందులు చేయుచున్నాము. పొరుగువాని పగులును వీధికి చెప్పి, మన పగులును చేతికి దాచుచున్నాము.

"చెప్పినచో బేరము పోదా? సంబంధము తప్పిపోదా?" అని మీరడుగవచ్చును. పోవచ్చును. సత్యమునకు వెల లేదని నేను చెప్పను. కాని మన స్త్రీలను చూడుడి. నీరు నిలువని కుండను వారు వెంటనే పెంటకుప్ప మీద వేయుదురా? అందులో చింతపండో, విత్తనములో, నూకలో పోసికొందురు. పగులు తెలిసిన కుండకు తగిన పని దొరకును. పగులు దాచిన కుండకు తగని పని అప్పగింపబడును. అది తానును చెడి, నమ్మినవారిని గాయపరచును. మనుష్యుల సంగతియు ఇంతే.

పండుగ ముందటి సాయంకాలము కోడిపెట్టను గుడ్డలో చుట్టుకొని పంతులమ్మగారి యింటికి పోతిని. దారి పొడుగునను మాటలు కూర్చుకొంటిని. ఆమె గుడ్డ విప్పి, వీపుమీది కోడిపిల్లను తడిమి, పసిబిడ్డవలె నవ్వెను. ఆ నవ్వు చూచిన తరువాత నోరు తెరచుట నాకు మరింత కష్టమాయెను. అయినను చెప్పితిని. "అమ్మా, ఇందులో వేడి టీ పోయకండి. రెక్క కింద పగులుంది. తొందరపడి నేనే పాడుచేశాను."

ఆమె ఏమియు అనలేదు. కోడిని ఎడమచేత ఎత్తి, వణకుచున్న కుడిచేతి వేలి కణుపుతో రెండుసారులు తట్టి, చెవి యొగ్గి వినెను. తరువాత నా వైపు తిరిగి, "ఒరే అబ్బాయ్, చిన్నప్పుడు లెక్క తప్పితే పలక తుడిచేసి, దాచుకునేవాడివి. ఇప్పటికి చూపించావు" అనెను. నాకు కన్నులు చెమర్చెను.

ఆ కోడిపెట్ట ఇప్పుడు ఆమె కిటికీలో నున్నది. అందులో కోళ్లకు వేయు నూకలు పోసికొనుచున్నారు. ఉదయమున కోడిపిల్ల మూతను ఎత్తి గుప్పెడు తీసి వాకిట చల్లుదురు. కొత్తగా వచ్చినవారు దానిని ఎత్తి చూడబోయినచో, "అందులో వేడిది పోయకమ్మా, పగులుంది" అని ఆమెయే చెప్పుదురు.

తరువాత మరియొకటి చేసితిని. ఈసారి రెక్కలను శరీరము పచ్చిగా నున్నప్పుడే పెట్టి, రెండింటిని ఒకే గుడ్డ క్రింద మెల్లగా ఆరనిచ్చితిని. రెండవ కాల్పు అయిన తరువాత నీరు పోసి రాత్రియంతయు కాగితము మీద ఉంచితిని. తెల్లవారి కాగితము పొడిగా నుండెను. దానిని తీసికొనిపోయి, "ఇది బాగానే ఉందమ్మా, పరీక్షించి తెచ్చాను" అని చెప్పితిని.

ఆమె నా మాట వినియు, కోడిని ఎత్తి వేలితో తట్టి చూచిరి. నాకు కోపము రాలేదు. ఖంగుమని పలికెను. అప్పుడు లేచి, పొయ్యిమీద నీరు పెట్టి, నాకును ఒక గ్లాసు తెచ్చిరి.